నాన్నతో నాలుగు ఆదివారాలు.. షుగర్ క్లాసులో!

పోయినేడాది ఆగస్టులో ఒకరోజు. నాన్న ఎప్పట్లాగే తెల్లవారుజామున నాలుగింటికి లేచి, బూట్లు వేసుకుని డిపోకి వెళ్లాడు. ఆయన బస్ కండక్టర్. రాజమండ్రి నుంచి అమలాపురం, మళ్లీ వెనక్కి. ఆ రోజు రెండు ట్రిప్పులు. సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మం దగ్గర బూట్లు విప్పితే కుడికాలి సాక్సు తడిగా, నల్లగా ఉంది. చెమటేమో అనుకున్నాడు. అమ్మ వంగి చూసి కెవ్వుమంది.

అది రక్తం.

బూటు అడుగు అరిగిపోయి, లోపల్నుంచి చిన్న మేకు పైకి పొడుచుకొచ్చింది. బొటనవేలి కింద మెత్తటి చోట దిగింది. ఆ మేకు మీదే నాన్న పొద్దున్నుంచీ నడిచాడు. కిక్కిరిసిన బస్సులో అటూ ఇటూ తిరుగుతూ టికెట్లు కొట్టాడు. రావులపాలెంలో దిగి టీ తాగాడు. మనకి చిన్న ముల్లు గుచ్చుకుంటేనే వీధి వీధంతా వినపడేలా అరుస్తాం కదా. నాన్నకి మాత్రం తెలియనే లేదు.

"నొప్పి పుట్టలేదా నాన్నా?" అని ఫోన్లో అడిగితే, "లేదమ్మా. ఏదో కాలు కొంచెం బరువుగా అనిపించిందంతే" అన్నాడు.

నాన్నకి షుగరొచ్చి అప్పటికి పదకొండేళ్లు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంటాను. మేనేజర్ని బతిమాలి వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకుని ఇంటికొచ్చేశాను. ఆ పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్. కట్టు విప్పిన ప్రతిసారీ నేను సర్జన్ గారి మొహం వంకే చూసేదాన్ని. మూడో వారంలో ఆయన, "వేలు నిలబడుతుందిలేమ్మా" అన్నాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

చివరి డ్రెస్సింగ్ రోజున ఆయన చీటీ మీద మందుల కింద ఇంకో లైను రాశారు. 'డయాబెటిస్ క్లాస్, ఆదివారం, 10 గం., రెండో అంతస్తు'.

నాన్న చదివి నవ్వాడు. "యాభై ఆరేళ్లొచ్చాక ఇప్పుడు బళ్లో కూర్చోమంటారా?"

నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. షుగర్ గురించి తెలియనిదేముంది? స్వీట్లు మానెయ్యాలి, అన్నం తగ్గించాలి, పొద్దున్నే నడవాలి. పదకొండేళ్లుగా వింటున్న పాటే. పైగా నేను రోజుకో రీల్ పంపుతూనే ఉన్నాను కదా!

ఎవరూ అడగని ప్రశ్నలు

ఫిజియోథెరపీ గది అది. మూల సైకిలూ, తాళ్లూ, బరువులూ. మధ్యలో గుండ్రంగా ప్లాస్టిక్ కుర్చీలు. షుగరున్నవాళ్లు పదకొండు మంది, ఒక్కొక్కరితో ఇంట్లోవాళ్లు ఒకరు. నేర్పే ఆవిడ నర్సుగా చాలా ఏళ్లు పనిచేసి, తర్వాత డయాబెటిస్ ఎడ్యుకేటర్‌గా శిక్షణ తీసుకున్నారట. అందరూ మేడమ్ అనేవారు. బోర్డు లేదు, ప్రొజెక్టర్ లేదు. నేను పవర్‌పాయింట్ చూపిస్తారనుకుని ఫోన్ ఫుల్ చార్జింగ్ పెట్టుకెళ్లాను, బోర్ కొడితే చూసుకోవచ్చని.

మేడమ్ మొదట అడిగింది ఇది. "డాక్టరు గారిని అడగాలనుకుని కూడా అడగలేకపోయిన మాట ఒకటి చెప్పండి."

గది నిశ్శబ్దం. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నారు. "బెండకాయలు రాత్రి నానబెట్టి ఆ నీళ్లు తాగితే మాత్ర మానెయ్యొచ్చంటున్నారు. వాట్సాప్‌లో వచ్చింది. రెండు నెలలు మానేశాను కూడా."

అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. "మానేసినప్పుడు టెస్ట్ చేయించుకున్నారా మాస్టారూ?"

"భయమేసి చేయించుకోలేదండి."

"బెండకాయ కూరగాయే కదండీ, తింటే మంచిదే. నీళ్లు తాగాలనిపిస్తే తాగండి. మాత్ర మాత్రం ఆపొద్దు. ఆపాలనుకుంటే ముందు నాకో డాక్టరు గారికో ఫోన్ చెయ్యండి" అన్నారంతే. క్లాసు పీకలేదు. అక్కడితో తాళం ఊడిపోయింది. ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. మగవాళ్లలో ఒకాయన తల దించుకుని, పడకగది సంగతి తన భార్య పక్కనుండగానే అడిగేశారు. అది కూడా షుగర్ వల్లే రావొచ్చని, వైద్యం ఉందని మేడమ్ మామూలుగా, కూరగాయల రేటు చెప్పినట్టు చెప్పారు. ఆయన భార్య మొహంలో అప్పుడు కనిపించిన తేలిక నేనెప్పటికీ మర్చిపోను.

కంబాలచెరువు దగ్గర టిఫిన్ సెంటర్ నడిపే పిన్నిగారొకరు ఉన్నారు. ఆవిడ భయం ఇన్సులిన్. "ఇంజెక్షను మొదలెట్టారంటే ఇంక ఆఖరి స్టేజేనంట కదండీ. మా తోడికోడలికి ఇన్సులిన్ పెట్టిన ఆర్నెల్లకే పోయింది." అందుకని డాక్టరు రాసిచ్చినా ఆర్నెల్లుగా మొదలుపెట్టలేదు.

మేడమ్ ఓ కథ చెప్పారు. కెనడాలోని టొరంటోలో 1921లో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు ఇన్సులిన్‌ని వేరుచేశారు. అంతకుముందు చిన్నపిల్లలకి షుగరొస్తే తిండి మాడ్చి కొన్నాళ్లు బతికించడం తప్ప ఏమీ చేయలేకపోయేవారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటిసారి ఇచ్చారు. చావుకి దగ్గరగా ఉన్నవాడు మరో పదమూడేళ్లు బతికాడు. "ఇన్సులిన్ మనుషుల్ని చంపడానికి రాలేదు పిన్నిగారూ. పోతున్నవాళ్లని ఆపడానికి వచ్చింది. మీ తోడికోడలికి అది ఆలస్యంగా అంది ఉంటుంది" అన్నారు. పిన్నిగారు ఏమీ మాట్లాడలేదు. క్లాసయ్యాక సూది ఎంత పొడవుంటుందో చూపించమని మాత్రం అడిగారు. పెన్నుకి పెట్టే ఆ సూది నాలుగైదు మిల్లీమీటర్లు. "ఓసి దీన్నమ్మా! ఇంతేనా?" అన్నారు. నా చెవులారా విన్నాను.

నాన్న ఆ రోజు ఏమీ మాట్లాడలేదు.

అన్నం తూకం

రెండో ఆదివారం అందరినీ రోజూ తినేంత అన్నం బాక్సులో పెట్టి తెమ్మన్నారు. అమ్మ ఆ వారం మాతో వచ్చింది. "తగ్గించి పెట్టనా?" అని అడిగింది. పరువు సమస్య మరి. నాన్నే వద్దన్నాడు.

వంటింటి తూకం మీద నాన్న క్యారేజీ గిన్నె బోర్లిస్తే 460 గ్రాములు. వండిన తెల్లన్నం వంద గ్రాముల్లో 28 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. ఈ లెక్కన ఒక్క పూటకి దాదాపు 130 గ్రాములు. మేడమ్ ఓ గాజుగ్లాసు తీసుకుని అందులో చెంచాతో చక్కెర పోయడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు.. మాస్టారు పైకి లెక్కపెడుతున్నారు. పాతిక చెంచాల దగ్గర ఆగారు.

"అన్నం, చక్కెర ఒకటే అని కాదు. కానీ అరిగాక రక్తంలో చేరేది మాత్రం గ్లూకోజే. స్వీటు మానేశాను, అయినా ఎందుకు తగ్గట్లేదని అడుగుతారు కదా, అందుకని చూపించాను."

అక్కడ మన నమ్మకాలు వరసగా రాలిపోయాయి. రాత్రిపూట నాలుగు చపాతీలు తింటూ 'అన్నం మానేశాన'నే డెలివరీ కుర్రాడికి (ఇరవై తొమ్మిదేళ్లు, నాకంటే రెండేళ్లే పెద్ద) గోధుమపిండి కూడా పిండేనని తెలిసింది. పల్చటి రాగిజావ గ్లాసుడు తాగితే చాలామందిలో షుగర్ గబగబా పెరుగుతుందని ఆటో అన్నకి తెలిసింది. ఇంక మా అమ్మ..

మా అమ్మ పదకొండేళ్లుగా నాన్నకి టీలో చక్కెర మానేసి బెల్లం వేస్తోంది. ఆర్గానిక్ బెల్లం. రేటెక్కువైనా సరే, కొని మరీ.

"బెల్లంలో ఉండేదీ ఎక్కువ చక్కెరేనండి" అన్నారు మేడమ్.

అమ్మ కళ్లనీళ్లు పెట్టేసుకుంది. "నా చేతుల్తోనే పోశానన్నమాట" అంది. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. అప్పుడు టిఫిన్ సెంటర్ పిన్నిగారు లేచొచ్చి అమ్మ పక్కన కూర్చుని, "నేనైతే తేనె పోశానమ్మా మా ఆయనకి. నాకన్నా నయం నువ్వు" అన్నారు. అమ్మ ఏడుస్తూనే నవ్వేసింది. ఈ మాట ఏ డాక్టరు చెప్పినా అమ్మకి అలా తగిలేది కాదు. తనలాగే చేసిన మరో మనిషి చెప్పింది కాబట్టి తగిలింది.

నాన్న అప్పుడు నోరు విప్పాడు. "అన్నం తగ్గిస్తే రెండో ట్రిప్పు లాగలేనండి. నిలబడాలి కదా."

మేడమ్ మాడమని చెప్పలేదు. క్యారేజీలో గిన్నెలు తారుమారు చెయ్యమన్నారు. ఇన్నాళ్లూ పెద్ద గిన్నెలో అన్నం, చిన్న గిన్నెలో కూర. ఇక నుంచి పెద్ద గిన్నెలో కూర, చిన్న గిన్నెలో అన్నం. మూడో గిన్నెలో గట్టి పప్పో, కోడిగుడ్డో, చేపో. బీరకాయా, దొండకాయా, ఆనపకాయా.. ఏదైనా సరే, కూర కడుపు నిండాలి. ఇంతే. కొత్త గిన్నె కొనక్కర్లేదు, ఓట్సూ అక్కర్లేదు. నేను ఇన్‌స్టాలో చూసి తెచ్చిన కినోవా ప్యాకెట్ ఇప్పటికీ మా ఇంట్లో అటక మీదుంది.

అన్నం తగ్గిస్తున్నాం కాబట్టి మాత్ర డోసు కూడా చూడాలని, ఆ రోజే డాక్టరుకి చెప్పి మార్పించారు. ఇది ముఖ్యం. ఎందుకో తర్వాతి వారం తెలిసింది.

'ఫాస్టింగ్ ఎంత?'

మూడో క్లాసులో మేడమ్ షుగరున్నవాళ్లని ఒకవైపు, ఇంట్లోవాళ్లని రెండోవైపు కూర్చోబెట్టారు. "మీ ఇంట్లోవాళ్లు షుగర్ గురించి రోజూ అనే మాట ఒకటి చెప్పండి" అని వాళ్లనడిగారు.

"మళ్లీ తింటున్నారా?"

"నీ ఇష్టం, రేపు కాలు తీసేస్తే నన్నడక్కు."

"ఆయనకి పెట్టకండి, షుగరు. ఇది పెళ్లిళ్లలోనండి, నలుగురిలో."

నాన్న వంతొచ్చింది. నా వంక చూడకుండా చెప్పాడు. "మా అమ్మాయి హైదరాబాద్ నుంచి రోజూ ఫోన్ చేస్తుందండి. ముందు 'ఫాస్టింగ్ ఎంత?' అంటుంది. 'ఎలా ఉన్నావ్ నాన్నా' అని ఆ తర్వాత అంటుంది."

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంకా ఉంది. "మరి ఎంతని చెప్పేవారు కండక్టరు గారూ?" అన్నారు మేడమ్. నాన్న నవ్వాడు. "128, 132, 126.. అలా ఏదో ఒకటి. మిషన్‌లో బ్యాటరీ అయిపోయి ఏడాది దాటిందండి."

ఏడాది! నేను ఆ నంబర్లన్నీ ఫోన్‌లో ఎక్సెల్ షీట్ వేసి, గ్రాఫ్ గీసి, స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేదాన్ని. పుండుతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.8 వస్తే ల్యాబ్‌వాళ్ల తప్పనుకున్నాను. ఆ అంకెని రోజువారీ లెక్కలోకి మారిస్తే సగటున 235 దాకా ఉన్నట్టు. 128 ఎక్కడ, 235 ఎక్కడ?

కోపమొచ్చింది. కానీ గుండ్రంగా కూర్చున్న ఆ గదిలో మరో ముగ్గురు "మేమూ అంతే" అనేసరికి ఏమనాలో తెలియలేదు. మార్కులు అడిగేవాళ్లకి మార్కులే చెబుతారు. నేను టెన్త్‌లో ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం నేనే పెట్టుకున్న సంగతి గుర్తొచ్చింది. అప్పుడు ఆయన నన్ను తిట్టలేదు.

అదే రోజు షుగర్ పడిపోవడం గురించి చెప్పారు. మనం షుగర్ పెరగడం గురించే భయపడతాం. కానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి తిండి ఆలస్యమైతే షుగర్ 70 కంటే దిగిపోవచ్చు. చెమటలు, చేతులు వణకడం, గుండె దడ, కళ్లు మసకబారడం, అయినదానికీ కానిదానికీ చిరాకు.

"చిరాకా?" అన్నాడు నాన్న.

తర్వాత చెప్పింది మా ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి. పొద్దున ఏడింటికి మాత్ర వేసుకుని, బస్సు లేటయి మూడింటి దాకా తినని రోజుల్లో నాన్నకి ఒళ్లంతా చెమటలు పట్టేవట. టికెట్ మిషన్ మీద అంకెలు కనపడేవి కావట. ఒకసారి ఎవరికో అయిదొందల నోటుకి చిల్లర తప్పుగా ఇచ్చి, పైగా ఆయన మీదే కేకలేశాడట. ఆ ప్యాసింజరు, "పొద్దున్నే తాగొచ్చాడ్రా వీడు" అన్నాడట. బస్సు నిండా జనం.

"నేను జన్మలో తాగలేదండి" అన్నాడు నాన్న. గొంతు మారింది. "బీపీ అనుకున్నాను. వయసైపోయింది, ఇంక ఉద్యోగానికి పనికిరానేమో అనుకున్నాను."

ఆటో అన్న కుర్చీ ముందుకి జరుపుకుని, "నాకూ అదేనండి బాబాయ్ గారూ. మొన్న రైల్వే గేటు దగ్గర బండి పక్కకి ఆపి పడుకుండిపోయాను" అన్నాడు.

దీనికి విరుగుడు చాలా చిన్నది. మూడు చెంచాల చక్కెర, అంటే 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట ఆగి మళ్లీ టెస్ట్ చెయ్యాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ తాగాలి. సర్దుకున్నాక ఏదైనా తినాలి. చాక్లెట్ తినొచ్చా అని డెలివరీ కుర్రాడు అడిగాడు. అందులో కొవ్వుంటుంది కాబట్టి చక్కెర ఆలస్యంగా ఎక్కుతుందట, ఆ టైమ్‌లో పనికిరాదు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, నేరుగా ఆసుపత్రికే. ఇవన్నీ పక్కనుండేవాళ్లకి తెలియాలి. నాన్న ఇప్పుడు టికెట్ బ్యాగులో చక్కెర పొట్లం పెట్టుకుంటున్నాడు. వాళ్ల డ్రైవర్ అంకుల్‌కి కూడా చెప్పాడు. ఆయన రెండ్రోజులు ఆలోచించి, తనూ షుగర్ టెస్ట్ చేయించుకున్నాడు.

ఒక నైలాన్ దారం

నాలుగో ఆదివారం పాదాలు. అందరినీ చెప్పులు, బూట్లు విప్పమన్నారు. ఇక్కడొక మాట చెప్పాలి. పదకొండేళ్లలో నాన్న ఎన్నో ఆసుపత్రుల గుమ్మాలెక్కాడు. పుండు పడేదాకా ఎక్కడా, ఎవరూ ఆయన్ని బూట్లు విప్పమనలేదు. డాక్టర్లని ఒక్కమాటగా తిట్టడానికీ మనసొప్పదు. బయట ఎనభై మంది కూర్చుని ఉంటే ఎవరికి మాత్రం టైముంటుంది? కానీ ఆ ఒక్క పరీక్ష ఎంత సేపని? రెండు నిమిషాలు.

చిన్న పుల్లకి ఓ నైలాన్ దారం. పాదానికి ఆనించి నొక్కితే సరిగ్గా 10 గ్రాముల బరువు పడగానే వంగుతుంది. కళ్లు మూసుకుని, తగిలినప్పుడల్లా 'ఆఁ' అనాలి. మాస్టారు అన్ని చోట్లా 'ఆఁ' అన్నారు. ఫస్ట్ క్లాసులో పాసైనంత సంబరపడ్డారు.

నాన్న కళ్లు మూసుకున్నాడు. దారం బొటనవేలికి ఆనింది. వంగింది. నాన్న ఏమీ అనలేదు. పక్క వేలు. ఏమీ అనలేదు. వేళ్ల కింద మెత్తటి చోటు, మేకు దిగిన మచ్చ పక్కనే. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. దారం వంగుతోంది, తేలుతోంది. నాన్న ప్రశాంతంగా, ఇంకా మొదలుపెట్టలేదేమో అన్నట్టు ఎదురుచూస్తున్నాడు.

"మొదలెట్టండి మేడమ్" అన్నాడు.

మేడమ్ అప్పటికే కుడికాలు పూర్తిచేశారు.

ఎక్కువైన షుగర్ ఏళ్ల తరబడి నరాల్ని దెబ్బతీస్తుంది, ముందు పొడుగ్గా ఉండే కాళ్ల నరాల్ని. ఆ స్పర్శ చాలావరకు తిరిగి రాదు. ఇది మేడమ్ దాచకుండానే చెప్పారు. ఇంక చెయ్యగలిగింది, కాలు చెప్పలేనిది కంటితో చూడటమే. రోజూ రాత్రి పాదాల అడుగు చూసుకోవాలి. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోవాలి, లేదా ఇంట్లోవాళ్లు చూడాలి. ఒట్టికాళ్లతో గుడి ప్రదక్షిణలు మధ్యాహ్నం ఎండలో వద్దు. వేడినీళ్లు కాలితో కాదు, మోచేత్తో చూసుకోవాలి. ఆనెల్ని బ్లేడుతో కొయ్యకూడదు. బూట్లు వేసుకునే ముందు బోర్లించి కొట్టి, లోపల చెయ్యి పెట్టి తడమాలి.

ఆ రాత్రి అమ్మ చాప మీద కూర్చుని నాన్న పాదాలు ఒళ్లో పెట్టుకుని, ఫోన్ టార్చ్ వేసి చూసింది. నాన్న సిగ్గుపడిపోయాడు. "ఏమిటే ఇది, పిల్ల చూస్తోంది" అన్నాడు.

క్లాసుకెళితే తగ్గిపోతుందా?

తర్వాత దీని గురించి కాస్త చదివాను. బోస్టన్‌లో ఇలియట్ జోస్లిన్ అనే డాక్టరు, ఇన్సులిన్ ఇంకా రాకముందే, 1918లో డాక్టర్లతో పాటు రోగులూ చదువుకునేలా డయాబెటిస్ పుస్తకం రాశాడు. అంటే ఈ ఆలోచన మందుకంటే పాతది. బ్రిటన్‌లో టైప్ 2 వాళ్లకి 'డెస్మండ్' అనే ఆరు గంటల గ్రూపు క్లాసు ఉంది. 824 మందితో దాని మీద చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే క్లాసుకెళ్లినవాళ్లు బరువు ఎక్కువ తగ్గారు, సిగరెట్ మానినవాళ్లు ఎక్కువ, దిగులు తక్కువ. కానీ హెచ్‌బీఏ1సీలో మాత్రం వెళ్లనివాళ్లతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి నాలుగు ఆదివారాలకే షుగర్ మాయమైపోతుందని నేను చెప్పను. ఎవరైనా అలా చెబితే నమ్మకండి కూడా.

ఇంకోటి. మీ ఊళ్లో ఇలాంటి క్లాసుందని తెలిస్తే, నేర్పేది శిక్షణ ఉన్న నర్సో, డైటీషియనో, డాక్టరో కనుక్కోండి. మనల్ని మాట్లాడనిస్తున్నారా లేదా చూడండి. చివర్లో పొడి డబ్బాలు బయటికి తీశారంటే అది క్లాసు కాదు, షాపు. నవంబర్ 14న డయాబెటిస్ డే అని వేలికి సూది గుచ్చి, నంబరు చెప్పి, ఫొటో దిగి పంపించేసేదీ క్లాసు కాదు. క్లాసు దొరక్కపోతే కనీసం ఈసారి డాక్టరు దగ్గరికి మీరూ వెళ్లి 'పాదాలు ఒకసారి చూస్తారా, కళ్ల రెటీనా పరీక్ష ఎప్పుడు చేయించాలి' అని అడగండి. 30 దాటినవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్ష ఉచితమే.

30 దాటలేదు కాబట్టి నాకేం కాదనుకున్నాను. ఆఖరి క్లాసులో మేడమ్ ఇంట్లోవాళ్లని కూడా టెస్ట్ చేయించుకోమన్నారు. నా హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్. ఐసీఎమ్ఆర్ సర్వే 2023లో చెప్పిన లెక్క ప్రకారం మన దేశంలో షుగరున్నవాళ్లు 10.1 కోట్లు, ప్రీడయాబెటిస్‌తో ఉన్నవాళ్లు 13.6 కోట్లు. ఆ రెండో లెక్కలో నేనూ ఒకదాన్ని. తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుని, రాత్రి పదకొండింటికి బిర్యానీ ఆర్డరిచ్చి, పడుకునే ముందు నాన్నకి 'మిల్లెట్స్ ఎందుకు తినాలి' అని వీడియో పంపేదాన్ని మరి. ఇలాంటి దశలో ఉన్నవాళ్ల మీద చెన్నైలో మూడేళ్లు చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో తిండి, నడక మార్చుకున్నవాళ్లకి షుగరొచ్చే అవకాశం పావు వంతు పైగానే తగ్గింది. మందు లేకుండానే. ఇది నాకు ధైర్యాన్నిచ్చిన లెక్క.

జనవరిలో నాన్నకి మళ్లీ టెస్ట్ చేయిస్తే 8.1. ఏడు దగ్గరికి రావాలని డాక్టరు అన్నారు. ఇంకా దూరం ఉంది. రావులపాలెంలో టీ, చక్కెరతోనే, రోజుకొకటి తాగుతున్నాడు. ఆ సంగతి ఇప్పుడు తనే చెబుతున్నాడు. పిన్నిగారు ఇన్సులిన్ మొదలుపెట్టారు. డెలివరీ కుర్రాడు మూడో క్లాసు తర్వాత మళ్లీ రాలేదు, ఆదివారాలు ఆర్డర్లు ఎక్కువట. అతని ఫోన్ నంబరు తీసుకోలేదే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంటుంది.

సంక్రాంతికి ఇంటికెళ్లాను. ఆత్రేయపురం పూతరేకులు వచ్చాయి. నాన్న ఒకటి తీసుకుని సగం తుంచి నాకిచ్చాడు. "నీది 5.9 కదా, సగమే" అన్నాడు. రాత్రి భోజనంలో అన్నం ఒక గరిటె తగ్గించుకున్నాడు.

కనుమ మర్నాడు నాన్నకి డ్యూటీ. తెల్లవారుజామున నాలుగింటికి గుమ్మం దగ్గర టప్ టప్‌మని చప్పుడుకి మెలకువొచ్చింది. బూట్లు బోర్లించి నేలకేసి కొడుతున్నాడు. వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఏమండీ, ఏం లేదుగా?"

"ఏం లేదే. చిన్న ఇసకరాయి."